హుంగ్ గురువుగారి గాలిడోలు

షీ మావ్‌సుంగ్‌కి అరవై ఒకటి నిండాయి. మోకాళ్లు అరిగాయి, పై పళ్లు రెండు ఊడాయి, కానీ ముప్ఫై ఏళ్ల నాటి కడుపుమంట ఒక్కటి మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. ఆ మంటకి ఒక పేరుంది, ఊరుంది, పక్క సందులో ఒక రిపేరు షాపు కూడా ఉంది. దాని పేరు న్యెన్ కున్‌హుయ్.

ఇద్దరూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నవాళ్లు. లుకాంగ్ ఊరి బయట ఉన్న ఆ వీధిలో ఇంటింటా కింది గదిలో కుళాయిలు తయారవుతాయి. పై అంతస్తులో సంసారం, కింద ఇత్తడి పొడి. కుళాయికి నునుపు పెట్టాలన్నా, పొడి ఊదాలన్నా, రంగు చల్లాలన్నా కంప్రెసర్ కావాలి. అక్కడివాళ్లు దాన్ని గాలిడోలు అంటారు. ఎవరింట్లో అది మొరాయించినా ఆ ఇంటి పని ఆ పూటకి పడకేసినట్టే. అలాంటప్పుడు పిలవాల్సింది హుంగ్ గురువుగారిని. నలభై ఏళ్లు ఆ చుట్టుపక్కల గాలిడోళ్లన్నీ ఆయన చేతిలోనే బతికాయి.

మావ్‌సుంగ్ ఆయన దగ్గర అందరిలాగే మూడేళ్ల నాలుగు నెలలు చాకిరీ చేసి పని నేర్చుకుని, దణ్ణం పెట్టి, తన ఇంటి కింది గదిలో సొంతంగా షాపు పెట్టుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత వచ్చిన కున్‌హుయ్ కూడా అన్నీ నేర్చుకున్నాడు, షాపూ పెట్టుకున్నాడు, కానీ గురువుగారి గడప వదల్లేదు. రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్లి గంటో గంటన్నరో కూర్చుని, ఆ తర్వాతే తన షాపు తలుపు ఎత్తేవాడు. వీధి దాన్ని గురుభక్తి అంది. కాకా పట్టడం అన్నాడు మావ్‌సుంగ్. ఏడాది చివరి విందులో కోడి కాలు కున్‌హుయ్ గిన్నెలో పడటం, పెద్ద పనొస్తే గురువుగారు కున్‌హుయ్‌ని కేకేయడం, ఇవన్నీ అతని కడుపులో తేదీలతో సహా భద్రంగా ఉన్నాయి. అన్నవరస తనది, అన్నం గిన్నె వాడిది.

కిందటి వసంతంలో గురువుగారు పోయారు. ఏడో రోజున గురువమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి, ఏడాది తంతు రోజున ఆయన సానదిమ్మ మీలో ఒకరికి ఇస్తానని చెప్పింది.

సానదిమ్మ అంటే రెండు జానల పోత ఇనుము పలక. దాని ముఖం మీద నీళ్లు పోస్తే ఎటు పారాలో తెలియక నిలబడిపోతాయి, అంత సమం. దాని మీద సానముద్ద పూసి గాలిడోలు వాల్వు ప్లేటునీ, పైన కూర్చునే తలనీ ఎనిమిది అంకె చుట్టినట్టు చుడుతూ అరగదీయాలి. మిగతావాళ్లు ఆ రెంటి మధ్య గాలి పోకుండా కాగితం అట్ట పెడతారు. హుంగ్ గురువుగారి పనిలో అట్ట ఉండదు. చుక్క నూనె రాసి ఇనుముని ఇనుము మీద పెడితే అదే కరుచుకునేది. ఆ దిమ్మ ఎవరింటికి వెళితే హుంగ్ గురువు వారసుడు వాడేనని వీధి లెక్క. మావ్‌సుంగ్‌కి ఆ దిమ్మ కావాలి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, అది కున్‌హుయ్‌కి దక్కకూడదు.

తంతు రెండు నెలల్లో ఉందనగా, పాత ఇనుము కొట్టులో బేరింగుల కోసం వెతుకుతుంటే అతనికి గురువుగారి సొంత గాలిడోలు కనిపించింది. మూడు గుర్రాల శక్తి మోటారు, రెండు సిలిండర్లు, బెల్టు తొడుగు మీద సొట్ట. ఆ సొట్ట చూసి గుర్తుపట్టాడు, ఎందుకంటే పనిలో చేరిన తొలి ఏడు దాన్ని కింద పడేసి తిట్లు తిన్నది తనే. గురువుగారు చివరి రోజుల్లో దాన్ని ఎవరో బాతుల పెంపకందారుకి ఇచ్చేశారని విన్నాడు. ఇప్పుడది తుప్పుపట్టి, ఈకలు అంటుకుని, సైకిలు చట్రాల కింద నలుగుతోంది. దేవుడు తన వైపు ఉన్నాడని మావ్‌సుంగ్‌కి ఆ క్షణం గట్టిగా అనిపించింది. తంతు రోజున అది కొత్త పెళ్లికూతురులా గురువమ్మ ముందు నిలబడి ఆడితే, ఆవిడ దిమ్మని ఇంకెవరికిస్తుంది?

ఇంటికి తెచ్చాక అతని భార్య యుయెతావ్, కుళాయి పిడుల అంచులు గీకుతూ గీకుతూ, దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "ఏమయ్యా, నా మోకాలు చూపించడానికి ఆసుపత్రికి రమ్మంటే తీరిక లేదన్నావు. దీని మోకాళ్లకి మాత్రం తీరికుందా?" అంది. దీనికి మోకాళ్లు లేవు, చక్రాలున్నాయి అన్నాడతను.

ముందు టాంకు సంగతి చూశాడు. కింది బిరడా తిప్పితే బాగా మరిగిన టీ రంగులో నీళ్లు కారాయి. రోజూ పని అయ్యాక ఆ బిరడా తిప్పి చెమ్మ వదలాలి. బాతులవాళ్లు అసలు దాని జోలికే పోలేదు. లోపల గొలుసుముక్కలూ పుల్లటి వెనిగరూ పోసి, టాంకుని పాత చాప మీద మూడు రోజులు అటూ ఇటూ దొర్లించాడు. వీధిలో పోయేవాళ్లు నవ్వారు. తర్వాత దాన్ని నీళ్లతో నింపి చేతిపంపుతో ఒత్తిడి పెట్టాడు. పాత టాంకు గాలితో పగిలితే ఇంటి పైకప్పు లేచిపోతుంది, నీళ్లతో పగిలితే కాళ్లు తడుస్తాయి, అంతే. ఇది గురువుగారు మొదటి వారమే నేర్పిన పాఠం. టాంకు పగల్లేదు. ఎక్కడా చెమర్చను కూడా లేదు.

పిస్టన్లకి కొత్త రింగులు, మోటారుకి కొత్త బేరింగులు, కొత్త బెల్టు. పాత ఆకుపచ్చ రంగు కోసం మూడు కొట్లు తిరిగాడు. సొట్ట మాత్రం తీయలేదు. పని బాగా సాగుతున్న కొద్దీ మావ్‌సుంగ్ మనసులో కున్‌హుయ్ మొహం చిన్నబోతూ వచ్చింది, అది అతనికి భోజనం కంటే రుచిగా ఉంది.

చివర్లో తల విప్పాడు. బోల్టులన్నీ తీసినా తల రాలేదు. అన్నేళ్ల తర్వాత కూడా అది వాల్వు ప్లేటుని కరుచుకునే ఉంది. చెక్క సుత్తితో నాలుగు పక్కలా మెల్లగా తడితే అప్పుడు వదిలింది. లోపల ఇనుము ముఖం చూసి మావ్‌సుంగ్ స్టూలు మీద కూలబడ్డాడు. మసి తుడిస్తే అందులో తన ముక్కు కనిపించింది. తల లోపలి అంచు మీద, బోల్టు రంధ్రం పక్కన, సన్నగా గీసిన అంకెలు: 105, 9. అక్కడి మింగువో లెక్కలో నూటయిదో ఏడు, తొమ్మిదో నెల. అంటే ఎనిమిదేళ్ల కిందటి పని.

అది గురువుగారి పద్ధతి. యంత్రం విప్పినవాడు ఏడూ నెలా గీసి మూయాలి, పేరు రాయకూడదు. ఎవరు బాగుచేశారో యంత్రానికి తెలిస్తే చాలు, మనుషులకి అక్కర్లేదు అనేవారాయన. మావ్‌సుంగ్ ఆ ముఖం మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ జరిపాడు. గురువుగారు మళ్లీ ఎదురుగా కూర్చున్నట్టయింది. అతనికి ఏడుపొచ్చింది. సిగ్గుపడి, ముక్కు చీది, యుయెతావ్ చూసిందేమోనని వెనక్కి చూశాడు. ఆవిడ చూసింది, కానీ రేడియో పాట గట్టిగా పెట్టి ఊరుకుంది.

తల జోలికీ ప్లేటు జోలికీ అతను పోలేదు. తుడిచి, నూనె రాసి, మూసి, తిప్పాడు. గాలిడోలు చక్కగా అందుకుంది. ఒత్తిడి చూపే ముల్లు ఎనిమిది కిలోలకి చేరి ఆగింది, గంట తర్వాత చూసినా అక్కడే ఉంది.

తంతుకి ముందురోజు మధ్యాహ్నం కున్‌హుయ్ వచ్చాడు. చేతిలో గవ్వచేపల సంచి, మొహం మీద ఎప్పుడూ ఉండే ఆ వినయం. ఆ వినయాన్ని చూస్తేనే మావ్‌సుంగ్‌కి ఒళ్లు మండేది. గాలిడోలు దొరికిందని విన్నాను, చూసి పోదామని వచ్చాను అన్నాడు. చూపించకుండా ఉండాల్సింది. కానీ కడుపుమంట ఉన్నవాడు చేతిలో ఉన్నది చూపించకుండా ఉండగలడా? మావ్‌సుంగ్ మళ్లీ బోల్టులు విప్పి, తల ఎత్తి, ప్లేటుని గుడ్డలో పెట్టి కున్‌హుయ్ చేతికిచ్చాడు.

"చూడు. గురువుగారి చెయ్యి. ఇలాంటిది నీ షాపులో ఎప్పుడైనా పుట్టిందా?"

కున్‌హుయ్ ప్లేటుని వెలుగుకేసి పట్టుకుని చాలాసేపు చూశాడు. తల మీది అంకెలవైపు కూడా చూశాడు. తర్వాత మెల్లగా, "ఎడమ పక్క కాస్త ఎక్కువ అరిగిందన్నా" అన్నాడు.

చచ్చిపోయిన గురువు పనికి వంక పెట్టే మొనగాడు ఆ వీధిలో ఇంకా పుట్టలేదనుకున్నాడు మావ్‌సుంగ్, ఇదిగో పుట్టాడు, గవ్వచేపలు పట్టుకుని మరీ వచ్చాడు. ప్లేటు లాక్కుని, టీ కూడా ఇవ్వకుండా పంపేశాడు.

ఆ తర్వాత చేసిన పని అతను చేయాల్సింది కాదు. గీతల ములుకు తీసి, 105 పక్కన ఈ ఏడూ ఈ నెలా గీశాడు. అక్కడితో ఆగలేదు. దీన్ని చెత్తకుప్పలోంచి ఎత్తుకొచ్చి బతికించింది ఎవరో, వంకలు పెట్టేవాళ్లకి రేపెప్పుడైనా తెలియాలి కదా అనిపించింది. తేదీ కింద పేరు గీశాడు. షీ, మావ్, సుంగ్. మూడక్షరాలకీ అంచు మీద చోటు చాల్లేదు. చివరి అక్షరం కాలు కిందికి సాగి, ప్లేటు మీద కూర్చునే నున్నటి ముఖం మీదికి దిగింది. కోపంలో ఉన్నవాడికి కాలు ఎక్కడ దిగిందో పట్టలేదు. గుడ్డతో తుడిచి, నూనె రాసి, బోల్టులు బిగించేశాడు. మళ్లీ తిప్పి చూడటానికి పొద్దు లేదు, మర్నాడు పొద్దున్నే బండి వస్తుంది.

తంతు అయ్యింది. పోయినవాళ్లకి చేరాలని కాల్చే కాగితం డబ్బు కాలింది, గురువుగారి పేరు పెద్దల పేర్లుండే పలకలోకి ఎక్కింది. భోజనాలు ముగిశాక వీధివాళ్లు ఓ పదిహేను మంది గురువుగారి షాపు ముందు ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చున్నారు. గురువమ్మకి ఎనభై రెండు. పుచ్చగింజలు ముందు పళ్లతో చిట్లించి తింటోంది. ఆవిడ పక్కన బల్ల మీద ఎర్రగుడ్డ కప్పిన సానదిమ్మ. కున్‌హుయ్ అందరికీ టీ పోస్తున్నాడు, అది కూడా మావ్‌సుంగ్‌కి నచ్చలేదు.

మావ్‌సుంగ్ గాలిడోలుని ముందుకు తోశాడు. అక్కడివాళ్ల నమ్మకంలో, యంత్రం మాట వినాలంటే దాని నెత్తిన ఆకుపచ్చ పొట్లం చిరుతిండి పెట్టాలి, వేరే రంగు పనికిరాదు. యుయెతావ్ పొట్లం మీద గడువు తేదీ మళ్లీ ఒకసారి చూసి మరీ పెట్టింది. అతను స్విచ్చి వేశాడు. బెల్టు తిరిగింది, ముల్లు లేచింది. ముసలి కుళాయిల యజమాని ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. అదే పాత చప్పుడు అన్నాడు. ఎనిమిది కిలోల దగ్గర మోటారు టక్కున ఆగింది, అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల కింద మావ్‌సుంగ్‌కి ఒక చప్పుడు వినిపించింది. సన్నటి సుయ్‌మనే చప్పుడు, తల దగ్గర్నుంచి. కున్‌హుయ్ టీ పోస్తూ పోస్తూ తల కాస్త పక్కకి వంచాడు. వాడికీ వినిపించింది. మిగతావాళ్లు వినకముందే ఏదో ఒకటి మాట్లాడేయాలని మావ్‌సుంగ్ లేచి నిలబడ్డాడు. మామూలుగా అయితే నాలుగు ముక్కలతో ముగించేవాడు. తొందరలో నలభై మాట్లాడాడు.

టాంకు దగ్గర్నుంచి రంగు దాకా అన్నీ తను చేశానన్నాడు. ఒక్క వాల్వు ప్లేటు మాత్రం ముట్టుకోలేదన్నాడు, ఎందుకంటే అది గురువుగారి చేతిపని, ఇంకో వందేళ్లకైనా అలాంటిది రాదు. ఈ వీధిలో కొంతమంది ఆ పనికి కూడా వంక పెట్టారని, ఎడమ పక్క ఎక్కువ అరిగిందట అని, కున్‌హుయ్ వైపు చూడకుండా చూస్తూ చెప్పాడు. స్టూళ్ల మీద గుసగుసలు లేచాయి. అతనికి హాయిగా ఉంది.

"నేను అడిగేది ఒక్కటే గురువమ్మా," అన్నాడు. "ఆ ప్లేటు అరగదీసిన చెయ్యి ఎవరిదో, ఈ దిమ్మ ఆ చేతికి చెందాలి. ఆ చేతిని చూడగానే గుర్తుపట్టింది నేను. వంక పెట్టినవాళ్లు కాదు. మీరే చెప్పండి, ఎవరికి పోవాలో."

గురువమ్మ పుచ్చగింజ పొట్టు దోసిట్లో ఉమ్మింది. "దాని మీద ఏ ఏడు రాసుందిరా మావ్‌సుంగ్?"

"నూటయిదు. తొమ్మిదో నెల."

ఆవిడ మోకాలి మీద వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.

"ఆ నెల ఆయనకి గంజి నేను చెంచాతో తాగించాను," అంది.

ఆవిడ ఏ హడావుడీ లేకుండా మిగతాది చెప్పింది. అంతకు రెండేళ్ల ముందే ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. గిన్నె పట్టుకుంటే పులుసు ఒడిలో పడేది. వీధికి తెలిస్తే యంత్రాలు ఇంకెవరి దగ్గరికో పోతాయని, అంతకంటే, తెలిస్తే తలెత్తుకోలేనని ఆయన బయటికి చెప్పనివ్వలేదు. రోజూ పొద్దున కున్‌హుయ్ వచ్చి ఆయన పని చేసి పెట్టి, వీధి పనిలో పడకముందే వెళ్లిపోయేవాడు. తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లలో ఈ వీధి హుంగ్ గురువు చేతిపని అనుకున్నదంతా ఈ టీ పోస్తున్న చేతులదే.

అందరూ కున్‌హుయ్ వైపు తిరిగారు. అతను కెటిల్ కింద పెట్టాడు. "గురువుగారు పక్కనే కూర్చుని చెప్పేవారమ్మా. చెయ్యి ఒక్కటే నాది," అన్నాడు.

గాలిడోలు తల దగ్గర సుయ్‌మనే చప్పుడు ఇప్పుడు అందరికీ వినిపించింది. అందరూ గాలితో బతికేవాళ్లే. ఎక్కడి నుంచి పోతోందో చెవితోనే పట్టగలరు. ఒకాయన లేచి, వేలు తడిచేసుకుని, అంచు వెంట పెట్టి, ఇదిగో ఇక్కడ అన్నాడు. వేలు ఆగిన చోటు మావ్‌సుంగ్ చూశాడు. లోపల సరిగ్గా అక్కడే తన పేరు ఉంది. ముల్లు ఏడున్నరకి దిగింది.

గురువమ్మ అతన్ని కసరలేదు. "ఎవరి చెయ్యైతే వాళ్లదని నువ్వే తేల్చావుగా నాయనా. నాకు పని తగ్గించావు," అని ఎర్రగుడ్డ తీసింది. దిమ్మ బరువు. ఒక్కడి వల్ల కాదు. మావ్‌సుంగ్ ముందుకెళ్లి ఒక కొస పట్టుకున్నాడు. వీధి అంతా చూస్తుండగా, తనకి కావాల్సిన దిమ్మని తన చేతులతోనే మోసుకుంటూ వెళ్లి కున్‌హుయ్ బండిలో పెట్టాడు.

బండి వెనక ఇద్దరే మిగిలారు. మావ్‌సుంగ్ ఊపిరి పీల్చుకుని అడిగాడు. "నాకెందుకు చెప్పలేదురా? నిన్న నా ఇంట్లో, ప్లేటు చేతికిచ్చినప్పుడైనా చెప్పొచ్చుగా."

"గురువుగారు వద్దన్నారన్నా. మావ్‌సుంగ్‌కి మాత్రం చెప్పొద్దన్నారు."

"మాత్రం ఏమిటి? నేనేం పాపం చేశాను?"

కున్‌హుయ్ తాడు కడుతూ, తలెత్తకుండా చెప్పాడు. "నా చెయ్యి ఇంకా బాగుందని నమ్మేవాడు నా శిష్యుల్లో ఒకడైనా మిగలాలి కదరా, అన్నారు. నువ్వు చివరిదాకా నమ్మావు."

ఈ మాటకి ఇంకొకడైతే పొంగిపోయేవాడు. మావ్‌సుంగ్‌కి మండింది. కోడి కాళ్లూ పెద్ద పనులూ అన్నీ ఎగిరిపోయి, ఆ చోట ఇది వచ్చి కూర్చుంది. గురువుగారు తనకి మంచి చేతిని చూపించి పంపేశారు. వణికే చేతిని వాడికి చూపించారు. ఏది దగ్గరివాళ్లకి చూపిస్తారో తెలియనంత చిన్నపిల్లాడేం కాదు మావ్‌సుంగ్.

మర్నాడు పొద్దున్నే, గాలిడోలు తల గుడ్డలో చుట్టుకుని అతను కున్‌హుయ్ షాపుకి వెళ్లాడు. యుయెతావ్ గొడుగు చేతికిచ్చింది. కున్‌హుయ్ గుడ్డ విప్పాడు. లోపలి అంచు మీద పేరు చూశాడు, ముఖం మీదికి దిగిన కాలు చూశాడు. దిమ్మ తుడిచి, సానముద్ద డబ్బా తెచ్చి పక్కన పెట్టి, స్టూలు జరిపాడు.

ముందు ఆకురాయితో అంచు మీది మూడక్షరాలనీ గీకి తీసేశాడు మావ్‌సుంగ్. తర్వాత తలని బోర్లించి దిమ్మ మీద పెట్టి ఎనిమిది చుట్టడం మొదలుపెట్టాడు. చాలా ఏళ్లయింది ఈ దిమ్మ మీద చెయ్యి ఆడించి. చుట్టుకి చుట్టు కలవడానికి కాస్త సమయం పట్టింది. అలా చుడుతూనే, పని మీంచి కళ్లు తీయకుండా అడిగాడు.

"ఆ ప్లేటు ఎడమ పక్క ఎందుకు ఎక్కువ అరిగింది? నీ చెయ్యి అంత చెడ్డదేం కాదే."

"ఆ రోజు ఆయన ఊరికే కూర్చోలేకపోయారు," అన్నాడు కున్‌హుయ్. "నా ఎడమచేతి మీద తన చెయ్యి పెట్టారు, చుట్టినంతసేపూ. తీయమని అనలేకపోయాను. ఆ బరువుకే అరిగింది."

మావ్‌సుంగ్ ఆగాడు. కున్‌హుయ్ ఎడమచెయ్యి దిమ్మ అంచు మీద ఉంది. నల్లటి గోళ్లు, వేలి కణుపుల మీద పాత కాలిన మచ్చలు. మామూలు పనివాడి చెయ్యి. దానికేసి చూస్తుంటే అతనికి అంతకు ముందెప్పుడూ దేని మీదా పుట్టనంత అసూయ పుట్టింది. అయితే తను చూసి ఏడ్చింది అబద్ధం కాదు. గురువుగారి చెయ్యి అందులో ఉంది, సరిగ్గా వీడు వంక పెట్టిన చోటే ఉంది.

తలని తిప్పి చూశాడు. అంచు మీద రెండు తేదీలే మిగిలాయి. ముఖం మీద మాత్రం చివరి అక్షరం కాలు వెంట్రుకవాసి ఇంకా ఉంది. మళ్లీ బోర్లించి చుట్టాడు.

"ఎడమ పక్క తేలిగ్గా పట్టన్నా," అన్నాడు కున్‌హుయ్.

మావ్‌సుంగ్ తేలిగ్గా పట్టాడు.